శుభదినాన రాసిన వీలునామా

చచ్చిపోయినవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు వారానికోసారైనా వస్తుంది. ముప్ఫై ఏడేళ్లుగా ఈ ఊళ్లో దస్తావేజులు రాస్తున్నాను. మా నాన్న తర్వాత ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. ఇళ్లూ పొలాలూ చేతులు మారే కాగితాలు, వీలునామాలు, వారసుల ఒప్పందాలు నా పని. మా లోయలో ఇప్పుడు పుట్టేవాళ్లకంటే పోయేవాళ్లే ఎక్కువ కాబట్టి పనికి కొదవలేదు. పోయేవాళ్లలో సగంమంది ఏమీ రాయకుండా పోతారు. మిగతా సగం రాసి పోతారు, నా ప్రాణం తీసేది ఎక్కువగా వాళ్లే.

నగుమో తొకుజిరోగారి మీద వచ్చిన కోపమైతే ఇంకా పూర్తిగా దిగలేదు.

మా ఊరికి చేతిరాతంటే ఆయన రాతే. ఏ దుకాణం బోర్డు చూసినా, బడిలో ఇచ్చే ఏ పట్టా చూసినా, కొత్తింటి దూలానికి కొట్టే ఏ పలక చూసినా ఆయన కుంచే కనిపిస్తుంది. పెళ్లిపత్రాలు ఆయనే రాయాలి. గుడి పండగకి జెండాలు ఆయనే రాయాలి. నా ఆఫీసులో, నా కుర్చీ వెనక గోడకి, 'హోషినో దస్తావేజుల కార్యాలయం' అని ఒక చెక్క పలక వేలాడుతుంది. నేను పనిలో చేరిన ఏడు ఆయన రాసిచ్చిందే అది. డెబ్భై ఏళ్లు రాశాడు మనిషి. ఎంత బాగా రాస్తాడో అంత పొగరు.

మూడేళ్ల కిందట అక్టోబర్లో నా దగ్గరికి వచ్చాడు. నెలకోసారి టౌన్‌హాల్లో ముసలివాళ్లకి ఉచితంగా సలహాలు చెప్పే రోజది. ఆయనకి తొంభై. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి కోడలు మసుయో భుజం మీద. గుమ్మందాకా వచ్చి, "నువ్వెళ్లి టీ తాగు" అని కోడల్ని పంపేశాడు. ఆవిడ వెళ్లేదాకా చూసి తలుపు తనే వేశాడు.

"హోషినోవాళ్లమ్మాయ్, వీలునామా రాయాలి. ఎలా రాస్తే చెల్లుతుందో చెప్పు."

నాకప్పటికి యాభై తొమ్మిది దాటాయి. ఆయనకి నేనింకా అమ్మాయినే.

"ఎవరికి రాస్తారు తాతగారూ?"

"మసుయోకి. మా షుయిచి పోయి పదకొండేళ్లయింది. వాడి పెళ్లాం ఇక్కడే ఉండిపోయి ఎనిమిదేళ్లుగా నాకు స్నానం చేయిస్తోంది. నేను పోతే ఆ పిల్లకి ఏమీ రాదటగా?"

"రాదు. కోడలు వారసురాలు కాదు. మీరు రాయకపోతే అంతా రిత్సుకోగారికే వెళ్తుంది." రిత్సుకో అంటే ఆయన కూతురు. పద్దెనిమిదో ఏట ఊరొదిలి, తోక్యో దగ్గర కాపురముంటోంది.

"అందుకే రాస్తానంటున్నా."

"అయితే నోటరీ దగ్గరికి వెళ్దాం. మీరు చెప్తే ఆయన టైపు చేయించి, చదివి వినిపించి, భద్రంగా పెడతాడు. తర్వాత ఏ తలనొప్పీ ఉండదు."

"టైపా?" ఆయన కర్ర నేలకేసి కొట్టాడు. "నా ఆఖరి మాట ఇంకోడు టైపు కొట్టాలా? నా చేతులేమైనా పడిపోయాయా?"

"సరే, మీరే రాసుకోండి. మొత్తం మీ చేత్తోనే ఉండాలి. పేరు రాయాలి, తేదీ వెయ్యాలి, ముద్ర కొట్టాలి. ఒక్కటి తప్పినా చిత్తుకాగితమే."

"రాయడం గురించి నువ్వు నాకు చెప్తున్నావా!"

"రాశాక ఒక్కసారి నాకు చూపించండి."

"నేను పోయాక చూద్దువుగాని. నీకేం తొందర?"

బయట ఇంకా తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. నా మోకాలు సలుపుతోంది. సరే మీ ఇష్టం అన్నాను. ఆ 'మీ ఇష్టం' ఇప్పటికీ నా నాలుక మీద చేదుగానే ఉంది.

ఆయన ఈ ఆగస్టులో పోయాడు, పితృదేవతల పండగ వారంలోనే. పోయిన నలభై తొమ్మిదో రోజున చేసే కర్మకి ముందే మసుయో నా ఆఫీసుకి వచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషి, తలుపు దగ్గరే ఆరుసార్లు వంగి దండం పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది. గుడ్డలో చుట్టి తెచ్చిన కవరు బల్ల మీద పెట్టింది. అంటించిన చోట ఎర్రముద్ర ఉంది. పైన కుంచెతో 'కోర్టులోనే తెరవాలి' అని రాసి ఉంది.

"బుద్ధుడి మందిరం సొరుగులో ఉంది సెన్సే. తెరవలేదు." మా దగ్గర టీచర్నీ, డాక్టర్నీ, నాలాంటిదాన్నీ కూడా సెన్సే అనే అంటారు.

"మంచి పని చేశారు. కోర్టుకి అర్జీ నేను రాస్తాను."

ఆవిడ తలూపి, లేవకుండా అలాగే కూర్చుంది. అడగడానికి మొహమాటపడుతోందని తెలిసింది. ఈవిడ మొహమాటం చూస్తే నాకు ఆయాసమొస్తుంది.

"చెప్పండి మసుయోగారూ."

"ఏం లేదు సెన్సే. మంచు పలకలు... ఈ ఏడు కట్టించాలా, వద్దా అని. కట్టే మనిషికి ముందే చెప్పాలి. నేను వెళ్లిపోయేదాన్నైతే అతన్ని పిలవడం దండగ కదా."

మా దగ్గర నవంబరు ఆఖరికి కింది కిటికీలన్నిటికీ పలకలు కట్టాలి. లేకపోతే కప్పు మీద నుంచి జారిన మంచు అద్దాలు పగలగొట్టుకుని లోపలికొస్తుంది. అంటే ఆవిడ అడిగింది పలకల గురించి కాదు, ఈ చలికాలం ఎక్కడుండాలని. ఇరవై మూడో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. పిల్లల్లేరు. పుట్టింట్లో అన్నయ్య పోయాడు, ఇల్లు కూడా అమ్మేశారు. అరవై దాటిన ఒంటరి ఆడదానికి ఇల్లు అద్దెకివ్వాలంటే ఇక్కడ ఎవరూ ముందుకి రారు, గదిలో పోయి పడుంటే ఎవరు చూస్తారని వాళ్ల భయం.

"కవరు తెరిచాక చెప్తాను. కంగారుపడకండి," అన్నాను. తొకుజిరోగారు ఏం రాసి ఉంటారో నాకు తెలుసు కాబట్టి కాస్త ధీమాగానే అన్నాను.

అక్టోబరు మధ్యలో కుటుంబ న్యాయస్థానానికి వెళ్లాం. కవరు తెరిచే గదిలోకి వారసుల్నీ, కవరు తెచ్చినవాళ్లనీ మాత్రమే రానిస్తారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. రిత్సుకో ముందే వచ్చి ఉంది. అరవై ఏడేళ్లు, పొట్టి జుట్టు, చేతిలో రైలు టికెట్టు. నన్ను చూసి తల మాత్రం పంకించింది.

పావుగంటలో ఇద్దరూ బయటికొచ్చారు. ముందు వచ్చింది రిత్సుకో.

"కుంచెలట!" అంది నాతో. "యాభై ఏళ్ల తర్వాత మా నాన్న నాకిచ్చింది కుంచెలు, సిరా రాయి."

వెనకాల మసుయో, కోర్టువాళ్లిచ్చిన నకలు రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. ఆవిడ మొహంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఎంత బాగా రాశారో చూడండి సెన్సే. చెయ్యి కొంచెం కూడా వణకలేదు," అంటూ నా చేతికిచ్చింది.

నిజంగానే బాగా రాశాడు. ఇల్లు, స్థలం కోడలు మసుయోకి. కుంచెలు, సిరా రాయి కూతురు రిత్సుకోకి. అంతే, రెండే ముక్కలు. కింద ఆఖరి వరస మాత్రం రెండుసార్లు చదివాను.

'రెయివా మూడో సంవత్సరం, పదకొండో నెల, శుభదినాన. నగుమో తొకుజిరో.' పక్కన ముద్ర. చక్రవర్తి శకం లెక్కలో అది మూడేళ్ల కిందటి నవంబరు.

పెళ్లిపత్రం మీదా, కొత్త దుకాణం బోర్డు మీదా, దూలం పలక మీదా మావాళ్లు తేదీ అంకె వెయ్యరు. సంవత్సరం, నెల రాసి 'శుభదినాన' అని వదిలేస్తారు. మంచి పని మంచి రోజునే చేశామని చెప్పడం అది. డెబ్భై ఏళ్లు తొకుజిరోగారు రాసిన ప్రతి శుభకార్యానికీ ఆఖరి మాట అదే. ఆయన లెక్కలో కోడలికి ఇల్లివ్వడం కూడా శుభకార్యమే. చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. చట్టానికి మాత్రం ఏ రోజో తెలియాలి. 'శుభదినం' అంటే నెలలో ఏ రోజైనా కావచ్చు కాబట్టి, ఇలా రాసిన వీలునామా చెల్లదని పెద్దకోర్టు నలభై ఏళ్ల కిందటే తేల్చేసింది. ఇది మా వృత్తిలో మొదటి ఏడాది చదివే పాఠం.

"చెల్లుతుందా, చెల్లదా చెప్పండి హోషినోగారూ. నా రైలుకి టైమవుతోంది," అంది రిత్సుకో.

"చూడాలి," అన్నాను. మా వృత్తిలో చూడాలి అంటే చెప్పడానికి ధైర్యం చాలట్లేదని అర్థం.

ఆఫీసుకొచ్చి దీపం వేశాను. కుర్చీలో కూర్చోబోతూ వెనక్కి తిరిగి గోడ మీది పలక చూశాను. ఎడమ పక్కన, చిన్న అక్షరాలు. 'షోవా అరవై రెండో సంవత్సరం, నాలుగో నెల, శుభదినాన.' ముప్ఫై ఏడేళ్లుగా అది నా వీపు వెనకే ఉంది. ఆ రోజు టౌన్‌హాల్లో 'తేదీకి అంకె వెయ్యండి తాతగారూ, శుభదినం అని రాయకండి' అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. నాకు మోకాలు నొప్పి, ఆయనకి పొగరు. చాలాసేపు చీపురు పుచ్చుకుని ఊడ్చిన చోటే ఊడుస్తూ ఉండిపోయాను.

మర్నాడు మసుయో ఇంటికి వెళ్లి చెప్పాను. పచ్చడి కోసం ముల్లంగికి ఉప్పు పట్టిస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి మోకాళ్ల మీద కూర్చుని అంతా వింది.

"పాపం మావయ్యగారు," అంది చివరికి. "తన రాతలో తప్పుందని తెలిస్తే ఎంత సిగ్గుపడేవారో."

"ఆయన సంగతి సరే, మీ సంగతేంటి?" గట్టిగానే అన్నాను.

"నాదేముంది సెన్సే. అయితే పలకల మనిషికి వద్దని చెప్పేస్తాను."

లేచి ఆవిణ్ణి పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఏడవదు, తిట్టదు. ఎదుటివాళ్లే ఆవిడ బదులు ఏడవాలి.

"ఆగండి. ఇంకో దారుంది. ఆయన బతికుండగా 'ఈ ఇల్లు నీకిస్తున్నాను' అని మీతో అని, మీరు 'తీసుకుంటాను' అని ఉంటే, ఆ మాటే ఒప్పందం కింద లెక్క. ఈ కాగితం దానికి సాక్ష్యంగా పనికొస్తుంది. ఎప్పుడైనా అన్నారా?"

"ఏమో సెన్సే. రోజూ ఏదో ఒకటి అంటూనే ఉండేవారు." ఆవిడ అటక వైపు చూసి, "పుస్తకాల్లో ఉంటుందేమో," అంది.

ముసలాయన్ని చూసుకోవడానికి వారానికి మూడుసార్లు వచ్చే నర్సు కోసం మసుయో రోజూ ఒక పుస్తకంలో రాసేది. జ్వరం ఎంత, ఏం తిన్నాడు, విరేచనం అయిందా లేదా. అలాంటివి పదకొండు పుస్తకాలు అటక మీద పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె కార్లోకి ఎక్కించుకునేసరికి నా నడుం పట్టేసింది.

నాలుగు రోజులు చదివాను. అంత విసుగు పుట్టించే చదువు నేనెప్పుడూ చదవలేదు. గంజి సగం గిన్నె. ఉప్పు రేగుపండు ఒకటి. వీపు మీద పుండు తగ్గింది. వీపు మీద పుండు మళ్లీ వచ్చింది. తిట్టారు. సూప్‌లో ఉప్పు లేదని గిన్నె విసిరారు, గిన్నె పగల్లేదు. మధ్యలో ఎక్కడైనా 'నాకు ఒంట్లో బాగాలేదు' అని ఉంటుందేమోనని చూశాను. పదకొండేళ్లలో ఆవిడకి ఒక్కసారి కూడా జలుబు చేసినట్టు లేదు.

అయిదో రోజు దొరికింది. రెయివా మూడు, నవంబరు పన్నెండు.

'జ్వరం లేదు. గంజి ఒక గిన్నె. మధ్యాహ్నం సిరా అడిగారు. నూరి ఇచ్చాను. గంటన్నర ఏదో రాశారు, నన్ను చూడనివ్వలేదు. రాశాక పిలిచి, ఈ ఇల్లు నీకిస్తున్నాను, తీసుకుంటావా అన్నారు. అయ్యో నాకెందుకు మావయ్యగారూ, వద్దు, మీరు నూరేళ్లుంటారు అన్నాను. కోపం వచ్చి రాత్రి అన్నం తినలేదు.'

రెండుసార్లు చదివాను. ఆ రోజు ఎలాంటిదో చూద్దామని పాత క్యాలెండరు తీశాను. ఆ రోజు తాయిఆన్, అన్నిటికీ మంచిదని పేరున్న రోజు. అబద్ధం రాయలేదు మహానుభావుడు, ఏరి కోరి శుభదినాన్నే రాశాడు. వీలునామా మీద లేని తేదీ దొరికింది, కానీ బయట దొరికిన తేదీ దాన్ని బతికించదు. నేను వెతుకుతున్న మాట, ఆయన ఇస్తానన్న మాట కూడా దొరికింది. దాని పక్కనే మసుయో తన చేత్తో 'వద్దు' అని రాసిపెట్టింది. మర్యాదకి అన్న మాటే. మాలో ఎవరైనా అలాగే అంటారు. ఏదైనా ఇస్తే రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకోవడం మా పద్ధతి. ముసలాయన మూడోసారి అడగలేదు, అలిగి పడుకున్నాడు.

ఆ పేజీ ఒక్కటి చింపేస్తే? టీ చల్లారేంతసేపు ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. చింపితే ఆ 'వద్దు'తో పాటు ఆయన ఇస్తానన్న మాట కూడా పోతుంది, పైగా నా ముఖం నేను చూసుకోలేను. పుస్తకం మూసేసి రిత్సుకోకి ఉత్తరం రాశాను. వీలునామా చెల్లదనీ, వారసురాలు మీరొక్కరేననీ, మసుయో చేసిన సేవకి ఆవిడ మీ నుంచి కొంత అడిగే హక్కు చట్టం ఇస్తోందనీ రాశాను. పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం ఇంటికే వస్తానని జవాబొచ్చింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది. నగుమోవాళ్ల ఇంటి కిటికీలకి ఇంకా పలకల్లేవు. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కట్టేశారు, ఆ ఒక్క ఇల్లే బోడిగా ఉంది. ముగ్గురం దుప్పటి కప్పిన పొట్టి బల్ల చుట్టూ, కింద వెచ్చదనంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. మసుయో టీ పోసి, ఊరేసిన ఆకుకూర పెట్టింది.

"ముందే చెప్తున్నా," అంది రిత్సుకో. "నేను ఎవర్నీ దోచుకోవట్లేదు. మా ఆయన పక్షవాతంతో హోమ్‌లో పడున్నాడు. రెండేళ్లు నేనూ చేశాను, ఒంటిచేత్తో. ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఈ ఇల్లు అమ్మితే నాకు కొంచెం ఊపిరాడుతుంది."

"నిజమే వదినా," అంది మసుయో వెంటనే. "మీకే కావాలి."

"మీరు కాసేపు మాట్లాడకండి," అన్నాను మసుయోతో. పెట్టె తెరిచి పుస్తకాలు రిత్సుకో ముందు పెట్టాను. "మీరివి చూడాలి. ఆవిడ ఏం చేసిందో వీటిలో ఉంది. ఎంతో కొంత ఇవ్వాలో వద్దో చూశాకే చెప్పండి."

రిత్సుకో ఒకటి తీసి, విసుగ్గా తిరగేసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుంది. ఒక గంట గడిచింది. మసుయో రెండుసార్లు టీ మార్చింది. మధ్యలో రిత్సుకో ఒకచోట ఆగి, వేలు పెట్టి, పైకి చదివింది.

"'వదిన ఫోన్ చేశారు. మావయ్యగారు ఏమీ మాట్లాడలేదు. వదిన పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు.'" ఆవిడ తలెత్తింది. "ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"మీరు పనుల్లో ఉంటారని," అంది మసుయో.

రిత్సుకో పేజీ తిప్పింది. మళ్లీ చదువుకుంది. నవంబరు పన్నెండు రావడం నేను చూశాను, ఎందుకంటే అక్కడ ఆవిడ కదలకుండా ఉండిపోయింది.

"చిన్నప్పుడు బడిలో చేతిరాతకి నాకు మొదటి బహుమతి వచ్చింది," అంది కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు. "మా నాన్న ఆ రాత చూసి, చాలాసేపు చూసి, 'ఆడపిల్లకెందుకు' అని కుంచె తీసుకెళ్లి షుయిచి చేతిలో పెట్టాడు. వాడు కోడిగీతలు గీసేవాడు. అందుకే వెళ్లిపోయాను. పెళ్లి కోసమనీ ఉద్యోగం కోసమనీ అందరూ అనుకున్నారు." ముక్కు తుడుచుకుంది. "కోర్టులో చదివినప్పుడు వేళాకోళం చేశాడనుకున్నా. కాదన్నమాట. ముసలాడికి గుర్తుందన్నమాట."

మసుయో లేచి వెళ్లి, మందిరం పక్కనున్న అలమర్లోంచి ఒక వెదురు చుట్ట, నల్లరాయి తెచ్చి రిత్సుకో ముందు పెట్టింది. కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, వెంట్రుక చెదరకుండా ఉన్నాయి. రిత్సుకో ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుంది. యాభై ఏళ్లు పట్టుకోని మనిషిలా లేదు.

"హోషినోగారూ, మా నాన్న రాసింది చెల్లదు, అంతేనా?"

"చెల్లదు."

"నాకిచ్చింది నేను తీసుకుంటున్నాను. దానికి కోర్టు అక్కర్లేదు కదా?" అని, కుంచె కింద పెట్టకుండానే మసుయో వైపు తిరిగింది. "మా నాన్న నిన్నొక మాట అడిగాడు. నువ్వు సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు నేనడుగుతున్నాను. ఈ ఇల్లు నీకిస్తాను. తీసుకుంటావా?"

మసుయో మొహం ఎర్రబడింది. రెండు చేతులూ నేల మీద ఆనించి వంగింది.

"అయ్యో, నాకెందుకు వదినా... మీ ఆయనకి అలా ఉంటే... నేనెక్కడో అక్కడ..."

"మసుయోగారూ!" బల్ల మీద నా చెయ్యి ఎప్పుడు పడిందో తెలీదు, కప్పులు గలగలమన్నాయి. "మర్యాద కట్టిపెట్టండి! దానపత్రం రాయాలంటే రెండు మాటలుండాలి. ఇస్తున్నానని ఆవిడ, తీసుకుంటున్నానని మీరు. మీ నోటంట ఆ మాట రాకపోతే నేను రాయలేను, దేవుడొచ్చినా రాయలేడు. ఆయన అడిగినప్పుడు వద్దన్నారు. ఏమైంది? ఆకలితో పడుకున్నాడు. మీకు కావాలా, వద్దా? ఆ ఒక్క ముక్క చెప్పండి. నేను అలిసిపోయాను."

వంగిన మనిషి లేవలేదు. చాలాసేపు ఆవిడ వీపు మాత్రమే కనిపించింది. నేను తొందరపడి చెడగొట్టానేమో అనుకున్నాను. కిటికీ అద్దం మీద ఏదో మెత్తగా తగిలింది. చూస్తే మంచు, ఈ ఏటి మొదటి మంచు.

ఆ చప్పుడుకే ఆవిడ తలెత్తింది. అద్దం వైపు చూసింది.

"పలకలు కట్టించలేదు," అంది. "నలభై ఏళ్లుగా ఏ ఏడూ కట్టకుండా లేను. ఆయనకి స్నానం చేయించిన తొట్టి ఇక్కడే ఉంది. మా ఆయన పోయింది ఆ గదిలో. ఈ ఇంట్లోంచి ఎక్కడికి పోవాలో నాకు తెలీదు వదినా." ఊపిరి తీసుకుంది. "కావాలి. ఈ ఇల్లు నాకు కావాలి."

అని రెండు చేతులతో నోరు మూసుకుంది, చెయ్యకూడని పని చేసినట్టు. రిత్సుకో ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అదేదో మా నాన్నతోనే అని చావచ్చుగా," అంది. "ఆ రోజు అన్నమైనా తినేవాడు."

నేను సంచిలోంచి కాగితం తీశాను. ముందు ఇల్లు రిత్సుకో పేరు మీదికి రావాలి, తర్వాత మసుయో పేరు మీదికి వెళ్లాలి, కొంత పన్ను పడుతుంది, అవన్నీ తర్వాతి సంగతి. ముందు ఈ రెండు మాటలూ కాగితం మీద పడాలి. నేను చెప్తూంటే రిత్సుకో రాసింది. వాళ్ల నాన్న కుంచెతోనే రాస్తానని పట్టుబట్టి, సిరా నూరించుకుని మరీ రాసింది. అక్షరం చూస్తే అచ్చం ఆ రాతే. ఆఖరి వరసకి వచ్చి, పదకొండో నెల అని రాసి, కుంచె గాల్లో ఆపింది.

మసుయో గోడమీది క్యాలెండరు చూసి, గొంతు తగ్గించి అంది. "సెన్సే, ఇవాళ బుత్సుమెత్సు." ఆరు రకాల రోజుల్లో అన్నిటికంటే చెడ్డది, పెళ్లీ గృహప్రవేశమూ ఎవరూ పెట్టుకోనిది. "రేపైతే తాయిఆన్. రేపు మంచి రోజు."

"రేపటికి మీరు మళ్లీ వద్దంటారు," అన్నాను. "రిత్సుకోగారూ, అంకె వెయ్యండి."

రిత్సుకో కుంచె మళ్లీ సిరాలో ముంచి, పెద్ద అక్షరాలతో వేసింది. పంతొమ్మిదో తేదీ.

మసుయో ముద్ర కొట్టింది. అది కొంచెం పక్కకి పడింది, అయినా చెల్లుతుంది. తర్వాత లేచి, కళ్లు తుడుచుకుని, పలకల మనిషికి ఫోన్ చేసింది.